కనీస వేతనం పెంచితే ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది?

కనీస వేతనం పెంచాలన్న మాట వచ్చిన ప్రతిసారీ రెండు వాదనలు వినిపిస్తాయి. రోజంతా ఒళ్లు హూనం చేసుకున్న మనిషికి నెల గడవకపోతే ఆ పని ఎందుకని ఒకరు అడుగుతారు. పెంచితే ఆ ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుందని మరొకరు హెచ్చరిస్తారు. రెండింటిలోనూ నిజం ఉంది. అందుకే వందేళ్లు దాటినా ఈ వాదన తెగలేదు. అయితే చర్చ ఎప్పుడూ ఉద్యోగాలు పోతాయా, పోవా అన్న దగ్గరే ఆగిపోతోంది. పెంచిన సొమ్ము ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి కదా? అది ఎవరి నుంచి వస్తోంది, ఎంత పెంచితే ఎవరి మీద భారం పడుతోంది, చివరికి కార్మికుడి చేతికి ఎంత అందుతోంది? ఈ లెక్క చూడకుండా ఏ పక్షం తీసుకున్నా అది గుడ్డి నమ్మకమే అవుతుంది.

చట్టం ద్వారా వేతనానికి అడుగు హద్దు పెట్టడం కొత్త ఆలోచన కాదు. న్యూజిలాండ్ 1894లోనే ఆ దారి పట్టింది. రెండేళ్లకు ఆస్ట్రేలియాలోని విక్టోరియా, ఇళ్లలోనూ ఇరుకు గదుల్లోనూ బట్టలు కుట్టేవాళ్లను పీల్చిపిప్పి చేస్తున్న కొన్ని వృత్తులకు వేతన బోర్డులు పెట్టింది. బ్రిటన్ 1909లో అదే పద్ధతి అందుకుంది. అమెరికాలో దేశమంతటికీ వర్తించే కనీస వేతనం 1938లో గంటకు 25 సెంట్లతో మొదలైంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1928లో ఒకసారి, 1970లో మరోసారి దీనిమీద ఒప్పందాలు చేసింది. డెన్మార్క్, స్వీడన్ లాంటి దేశాల్లో మాత్రం ఈ చట్టమే లేదు. అక్కడ యూనియన్లకు ఎంత పట్టుందంటే, వాళ్లూ యజమానులూ కూర్చుని రాసుకున్న ఒప్పందాలే ఆ పని చేస్తున్నాయి.

ముందు వ్యతిరేకించేవాళ్ల వాదన న్యాయంగా వినాలి. ఏ సరుకైనా ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది. కార్మికుడి శ్రమకు కూడా అదే సూత్రం వర్తిస్తుందని వాళ్లంటారు. గంటకు పది విలువైన పని చేసే మనిషికి పన్నెండు ఇవ్వాలని చట్టం చెబితే, ఏ యజమానీ రెండు నష్టపోతూ అతన్ని ఉంచుకోడు. అప్పుడు దెబ్బ తినేది ఎవరు? చదువు తక్కువైనవాళ్లు, అనుభవం లేనివాళ్లు, మొదటిసారి పనిలో చేరబోయే కుర్రాళ్లు. అంటే ఎవరి మేలు కోరి చట్టం చేశారో వాళ్లే బయట నిలబడతారు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1946లో రాసిన వ్యాసంలో ఈ తర్కాన్ని గట్టిగా వినిపించాడు. తర్వాత నలభై ఏళ్లకు పైగా ఆర్థికశాస్త్రం క్లాసులో ఇదే పాఠం. ఇది పేదలంటే గిట్టనివాళ్ల మాట అని కొట్టిపారేయడం తప్పు. దీన్ని నమ్మినవాళ్లలో చాలామంది పేదల గురించి నిజంగానే బెంగపడ్డారు.

అయితే ఆ పాఠం ఒక ఊహ మీద నిలబడింది. వేతనం సంతలో తేలిపోతుందనీ, ఒక యజమాని తక్కువ ఇస్తే కార్మికుడు మర్నాడే పక్క యజమాని దగ్గరికి పోతాడనీ అందులో అనుకుంటారు. నిజ జీవితంలో ఉద్యోగం మారడం అంత తేలిక కాదు. దూరం, పిల్లల బడి, కొత్తచోట ఎలా ఉంటుందోనన్న టెన్షన్, చుట్టుపక్కల అలాంటి పని ఇచ్చేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండటం, ఇవన్నీ కాళ్లకు అడ్డం పడతాయి. ఇది తెలిసిన యజమాని ఇవ్వగలిగినదానికన్నా తక్కువకే పని చేయించుకోగలడు. బ్రిటన్ ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే ఈ పరిస్థితిని సిద్ధాంతంగా రాసింది. చాలాకాలం అది పుస్తకాల్లో ఒక మూలన పడి ఉంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేస్తే చాలా అపోహలు విడిపోతాయి. ఒక యజమాని దగ్గర పదిమంది ఉన్నారు, ఒక్కొక్కరికి రోజుకు 100 ఇస్తున్నాడు. మొత్తం 1,000. పదకొండో మనిషి 105 ఇస్తేగానీ రానన్నాడు. అతను రోజుకు 130 విలువైన పని చేస్తాడు. పైకి చూస్తే అతన్ని పెట్టుకోవడం లాభమే. కానీ కొత్తవాడికి 105 ఇచ్చి పాతవాళ్లను 100 దగ్గర ఉంచితే గొడవ, కాబట్టి అందరికీ 105 చేయాలి. పదకొండుమందికి మొత్తం 1,155. ఒక్క మనిషిని చేర్చుకున్నందుకు అదనంగా పడింది 155, అతను తెచ్చేది 130. కాబట్టి ఆ ఉద్యోగం ఖాళీగానే ఉండిపోతుంది. ఇప్పుడు ప్రభుత్వం కనీస వేతనం 105 అని ప్రకటించింది అనుకుందాం. పాత పదిమందికి ఎలాగూ 1,050 కట్టక తప్పదు. పదకొండో మనిషి వల్ల అదనంగా పడేది 105 మాత్రమే. 130 తెచ్చే మనిషిని 105కి ఎందుకు వదులుకుంటాడు? చేర్చుకుంటాడు. వేతనం పెరిగింది, ఉద్యోగం కూడా పెరిగింది. అదే లెక్కలో కనీస వేతనాన్ని 140 చేసి చూడండి. 130 తెచ్చే మనిషికి 140 కట్టాలి. పదకొండోవాడి సంగతి అటుంచి, అంతే పని చేసే పాతవాళ్ల ఉద్యోగాలూ ప్రమాదంలో పడతాయి.

రెండు పక్షాలూ ఒకే లెక్కలో ఇమిడిపోయాయి చూడండి. 105 దగ్గర ఒకరు చెప్పింది నిజం, 140 దగ్గర మరొకరు చెప్పింది నిజం. మిగిలిన ప్రశ్నల్లా, ఫలానా చోట ఫలానా పనికి ఆ గీత ఎక్కడుంది అన్నదే. దానికి కాగితం మీద జవాబు దొరకదు, జనం మధ్యకు వెళ్లి కొలవాలి.

అలా కొలిచిన వాటిలో అన్నిటికన్నా పేరుపడ్డది 1992 నాటి సర్వే. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ఆ ఏడాది ఏప్రిల్ 1న కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో పాత రేటే కొనసాగింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ సరిహద్దుకు రెండు వైపులా ఉన్న 410 ఫాస్ట్ ఫుడ్ రెస్టారెంట్లను ఎంచుకున్నారు. పెంపుకు ముందు ఒకసారి, ఏడాది చివర మరోసారి ఫోన్ చేసి, ఎంతమంది పనిచేస్తున్నారు, కొత్తగా చేరినవాళ్లకు ఎంత ఇస్తున్నారు, భోజనం ధర ఎంత అని అడిగారు. సాధారణంగా ఇలాంటి పరిశోధనలు ప్రభుత్వ లెక్కల పట్టికలతో చేస్తారు. వీళ్లు నేరుగా కౌంటర్ వెనక ఉన్న మేనేజర్లతో మాట్లాడారు. పెంపు జరిగిన న్యూజెర్సీలో ఒక్కో రెస్టారెంటుకు సగటు సిబ్బంది 20.44 నుంచి 21.03కి చేరింది. పెంపు లేని పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కి తగ్గింది. పాఠ్యపుస్తకం చెప్పినదానికి ఇది పూర్తిగా ఎదురు. న్యూజెర్సీలో భోజనం ధరలు మాత్రం కొంచెం ఎక్కువగానే పెరిగాయి. ఈ చివరి వాక్యాన్ని చాలామంది మరిచిపోతారు, మనం మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

1994లో ఆ ఫలితాలు అచ్చయ్యాక ఆర్థికవేత్తల లోకంలో పెద్ద దుమారమే రేగింది. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ ఫోన్ సర్వేను నమ్మలేమంటూ రెస్టారెంట్ల జీతాల రికార్డులు తెప్పించి, న్యూజెర్సీలో ఉపాధి తగ్గిందని తేల్చారు. కార్డ్, క్రూగర్ ప్రభుత్వ రికార్డులతో మళ్లీ లెక్కగట్టి, చెప్పుకోదగ్గ తగ్గుదల లేదని 2000లో జవాబిచ్చారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనల్లో నాకు బాగా నమ్మదగ్గదిగా అనిపించేది 2019లో వచ్చిన ఒక అధ్యయనం. 1979 నుంచి 2016 దాకా అమెరికా రాష్ట్రాల్లో జరిగిన 138 పెంపులను అందులో ఒకచోట పెట్టి చూశారు. కొత్త కనీస రేటుకు కింద ఉన్న ఉద్యోగాలు ఎన్ని మాయమయ్యాయో, ఆ రేటు దగ్గరా దానికి కాస్త పైనా దాదాపు అన్నే పుట్టుకొచ్చాయి. అంటే ఎక్కువ భాగం ఉద్యోగాలు పోలేదు, జీతం పెరిగి పై మెట్టుకు చేరాయి. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. క్రూగర్ 2019లోనే చనిపోయాడు.

క్రూగర్ గురించి ఇంకో సంగతి చెప్పాలి. పెంపును సమర్థించేవాళ్లు నెత్తిన పెట్టుకున్న ఈ మనిషే 2015లో, దేశమంతటికీ గంటకు 15 డాలర్లు పెట్టడం ఎవరూ కొలవని లోతుల్లోకి దిగడమేనని, మేలు కన్నా కీడు ఎక్కువ కావచ్చని హెచ్చరించాడు. 12 డాలర్ల దాకా పరవాలేదన్నాడు. ఒక చోట 80 సెంట్ల పెంపు ఉద్యోగాలు తీయలేదని తేలినంత మాత్రాన ఎక్కడైనా ఎంతైనా పెంచవచ్చని కాదని ఆయనకు తెలుసు. ఆయన పేరు వాడుకునేవాళ్లు ఈ సగం కూడా చెప్పాలి.

ఇక డబ్బు ఎవరిదన్న ప్రశ్నకు వద్దాం. వేతనం పెరిగినప్పుడు యజమాని ముందు కొన్ని దారులుంటాయి. లాభం తగ్గించుకోవచ్చు. ధర పెంచవచ్చు. పని గంటలు కోయవచ్చు, మనుషుల్ని తగ్గించి యంత్రాలు పెట్టవచ్చు. జీతం బాగుంటే మనుషులు నెలనెలా మానేసి పోరు కాబట్టి, కొత్తవాళ్లను వెతికి నేర్పించే ఖర్చులో కొంత ఆదా కూడా అవుతుంది. ఆచరణలో వీటిలో ఏ ఒక్కటో కాకుండా అన్నీ కొంచెం కొంచెంగా జరుగుతాయి.

దీన్ని చక్కగా చూపించిన దేశం హంగరీ. అక్కడ కనీస వేతనం 2000లో నెలకు 25,500 ఫోరింట్లు ఉండగా, రెండేళ్లలో 50,000 చేశారు. ధరల పెరుగుదల తీసేసినా అది మామూలు పెంపు కాదు. తర్వాత పరిశోధకులు కంపెనీల ఖాతాలు తిరగేసి చూస్తే, పెరిగిన ఖర్చులో దాదాపు 75 శాతం ధరల రూపంలో కొనేవాళ్ల మీద పడింది, 25 శాతం యజమానుల లాభంలోంచి పోయింది. ఉద్యోగాలు కొన్ని పోయాయి, కానీ భయపడినంతగా కాదు. పోయిన చోట్లు కూడా ఊహించదగ్గవే. విదేశాలకు సరుకు ఎగుమతి చేసే కంపెనీలు ధర పెంచలేవు, ఎందుకంటే పెంచితే గిరాకీ వేరే దేశానికి పోతుంది. దెబ్బ ఎక్కువగా అక్కడ తగిలింది. జుట్టు కత్తిరించేవాళ్లు, హోటళ్లు లాంటి స్థానిక సేవల్లో పోటీదారుడికీ అదే చట్టం, అదే ఖర్చు, కాబట్టి అందరూ కలిసి ధర కొంచెం పెంచి బయటపడ్డారు.

ధరలు పెరుగుతాయనగానే చాలామంది ఉలిక్కిపడతారు. వేతనం పది శాతం పెరిగితే ధరలూ పది శాతం పెరుగుతాయనుకుంటారు. లెక్క అలా ఉండదు. ఒక వ్యాపారంలో 100 అమ్మకంలో జీతాల ఖర్చు 30 అనుకోండి. అందులో సగం మాత్రమే కనీస వేతనం వాళ్లది. వాళ్లకు పది శాతం పెంచితే ఖర్చు పెరిగేది 1.5. మొత్తం కొనేవాడి మీద వేసినా 100 ఉన్నది 101.50 అవుతుంది. ఆ ఒకటిన్నర కట్టేవాళ్లలో పేదలూ ఉంటారన్నది నిజమే, దాన్ని దాచకూడదు. కానీ అదే వస్తువును మధ్యతరగతివాళ్లూ ధనికులూ కూడా కొంటారు, పెరిగిన జీతం మాత్రం అట్టడుగున ఉన్నవాళ్లకు వెళ్తుంది. తక్కువ ధరకు సేవలు అందుకుంటున్న మనమందరం, ఇంతకాలం ఎవరో తక్కువ జీతానికి పనిచేసి భరించిన ఖర్చులో కొంత ఇప్పుడు పంచుకుంటున్నాం. నేను దీన్ని అన్యాయం అనలేను.

పని గంటల సంగతి అంత తేలిక కాదు. మనిషి ఉద్యోగంలోనే ఉంటాడు, కానీ వారానికి ఐదు షిఫ్టులు కాస్తా నాలుగవుతాయి. ఉద్యోగాల లెక్కలో ఇది కనబడదు, నెలాఖరు జీతంలో కనబడుతుంది. అమెరికాలోని సియాటిల్ నగరం 15 డాలర్ల వైపు దశలవారీగా పెంచుకుంటూ పోయినప్పుడు, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం 2017లో ఒక నివేదిక ఇచ్చింది. పెంపు 13 డాలర్లకు చేరిన దశలో తక్కువ జీతం ఉద్యోగాల్లో గంట రేటు 3 శాతం పెరిగితే, పని గంటలు 9 శాతం దాకా తగ్గాయనీ, సగటున నెలకు 125 డాలర్లు నష్టపోయారనీ అందులో ఉంది. అదే సమయంలో అదే నగరంలో హోటల్ రంగాన్ని చూసిన బర్కిలీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉద్యోగ నష్టం కనిపించలేదన్నారు. ఏడాది తర్వాత మొదటి బృందమే మళ్లీ లోతుగా చూసింది. అప్పటికే అనుభవం ఉన్న కార్మికులకు మేలు జరిగింది, అనుభవం తక్కువైనవాళ్లకు పెద్దగా ఒరిగిందేమీ లేదు, కొత్తగా పనిలో చేరేవాళ్ల సంఖ్య మాత్రం తగ్గింది. ఉన్నవాళ్లకు మేలు చేసి గుమ్మం బయట ఉన్నవాళ్లకు తలుపు మూసే ప్రమాదం ఊహ కాదని ఇది చెబుతోంది. పెంపు కోరేవాళ్లు దీనికి సమాధానం చెప్పి తీరాలి.

మరి ఎంత పెంచితే ఎక్కువ? అంకె ఒక్కటే చూసి చెప్పలేం. ఆ ప్రాంతంలో అందరి జీతాలనూ వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఎవరుంటారో, వాళ్ల జీతంలో కనీస వేతనం ఎన్నో వంతు అన్నది చూడాలి. ఫ్రాన్స్‌లో అది 60 శాతం చుట్టూ ఉంటుంది. అమెరికా జాతీయ రేటు 30 శాతం కూడా దాటదు. యూరోపియన్ యూనియన్ 2022లో చేసిన ఆదేశంలో ఇలా మధ్యలో ఉన్నవాళ్ల జీతంలో 60 శాతాన్ని ఒక కొలబద్దగా సూచించింది. ఒకే దేశంలో కూడా జీతాలు ఎక్కువున్న నగరంలో సులువుగా ఇమిడిపోయే అంకె, జీతాలు తక్కువున్న మారుమూల ప్రాంతంలో పిడుగులా పడుతుంది. అమెరికా పాలనలోని అమెరికన్ సమోవా దీవుల్లో అదే జరిగింది. అక్కడ ట్యూనా చేపల ఫ్యాక్టరీల్లో కనీస రేటు గంటకు 3.26 డాలర్లు ఉండేది. ప్రధాన భూభాగం స్థాయికి తేవాలని 2007లో చట్టం చేసి ఏటా 50 సెంట్లు పెంచడం మొదలుపెట్టారు. 2009లో రెండు పెద్ద ఫ్యాక్టరీల్లో ఒకటి మూతపడి 2,000 మందికి పైగా రోడ్డున పడ్డారు. మూతకు వేతనమొక్కటే కారణం కాదు, కానీ అదే చట్టాన్ని చేసిన అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) తర్వాతి పెంపులను వాయిదా వేసుకోవాల్సి వచ్చింది.

జర్మనీ అనుభవం మరోలా ఉంది. 2015లో మొదటిసారి దేశవ్యాప్తంగా గంటకు 8.50 యూరోలు పెట్టినప్పుడు లక్షల ఉద్యోగాలు పోతాయని పేరున్న ఆర్థికవేత్తలే జోస్యం చెప్పారు. అలా జరగలేదు. తక్కువ జీతం కార్మికుల్లో కొందరు చిన్న, బలహీనమైన సంస్థలను వదిలి, మెరుగ్గా నడుస్తూ ఎక్కువ ఇచ్చే పెద్ద సంస్థల్లోకి మారారు. కార్మికులపరంగా ఇది మంచి వార్తే. మూతబడిన చిన్న యజమాని వైపు నుంచి చూస్తే అతని జీవితకాలపు కష్టం పోయింది. తక్కువ జీతం ఇస్తేనే నిలబడగలిగే వ్యాపారాన్ని ఆ జీతగాళ్ల బతుకు పణంగా పెట్టి నిలబెట్టడం సరికాదనే నేను అనుకుంటాను. కానీ అతనికి సర్దుకోవడానికి వ్యవధి ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత.

కనీస వేతనం పేదరికానికి మందా అన్నది వేరే ప్రశ్న. వేతనం మనిషికి ఇస్తారు, పేదరికం కుటుంబానిది. అసలు పనే దొరకని ఇంటికి దీనివల్ల ఒక్క పైసా రాదు. అమెరికా పార్లమెంటు బడ్జెట్ కార్యాలయం 2019లో 15 డాలర్ల ప్రతిపాదన మీద వేసిన అంచనాలో, 1.7 కోట్ల మందికి జీతం పెరుగుతుందనీ, 13 లక్షల మంది పేదరికం నుంచి బయటపడతారనీ, 13 లక్షల ఉద్యోగాలు పోవచ్చనీ రాశారు. ఆ చివరి అంకె దాదాపు సున్నా నుంచి 37 లక్షల దాకా ఎంతైనా కావచ్చని కూడా అందులోనే ఉంది. రెండు పార్టీలూ తమకు కావలసిన వాక్యాన్నే కత్తిరించుకుని సభలో చదివాయి. పేద కుటుంబాలకు ప్రభుత్వమే ఖజానా నుంచి నేరుగా సాయం చేస్తే సరిపోదా అని కొందరంటారు. చేయాలి కూడా. కానీ వేతనానికి అడుగు హద్దు లేనిచోట, ఎలాగూ సర్కారు ఇస్తోంది కదా అని యజమాని జీతం తగ్గించే వీలుంటుంది. ఆ రెండూ కలిసి ఉంటేనే సాయం చేరాల్సినవాళ్లకు చేరుతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది పెంచకుండా వదిలేయడం. అమెరికా జాతీయ కనీస వేతనం 2009 జూలై నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఈలోగా ధరలు పెరిగి, ఆ డబ్బుకు ఉన్న కొనే శక్తిలో దాదాపు మూడింట ఒక వంతు కరిగిపోయింది. టిప్పులు తీసుకునే ఉద్యోగులకు యజమాని ఇవ్వాల్సిన కనీసం 1991 నుంచి 2.13 డాలర్లే. ఏ చట్టసభా తగ్గించాలని ఓటు వేయలేదు, అయినా జీతం ఏటేటా తగ్గుతూనే ఉంది. ఇలా ఏళ్ల తరబడి బిగించి, ఒత్తిడి భరించలేక ఒక్కసారి పెద్ద గంతు వేయిస్తే యజమానీ తట్టుకోలేడు. చాలా రాష్ట్రాలు సొంతంగా పెంచుకున్నాయి కాబట్టి సరిపోయింది, పెంచుకోని రాష్ట్రాల్లో కార్మికుడి గతి అంతే.

బ్రిటన్ ఈ చిక్కును కొంత విప్పగలిగింది. 1997లో అల్పవేతన కమిషన్ పెట్టి, అందులో యజమానుల వైపు నుంచి, కార్మికుల వైపు నుంచి, స్వతంత్ర నిపుణుల నుంచి సమానంగా సభ్యులను కూర్చోబెట్టింది. వాళ్లు ఆధారాలు పరిశీలించి అంకె సిఫార్సు చేస్తారు. 1999 ఏప్రిల్‌లో గంటకు 3.60 పౌండ్లతో, కావాలనే జాగ్రత్తగా తక్కువ నుంచి మొదలుపెట్టారు. ఉద్యోగాలు కూలిపోలేదని తేలాక మెల్లగా పెంచుకుంటూ వచ్చారు. మొదట్లో తీవ్రంగా వ్యతిరేకించిన కన్సర్వేటివ్ పార్టీయే అధికారంలో ఉండగా 2016లో 25 ఏళ్లు నిండినవాళ్లకు 7.20 పౌండ్ల కొత్త రేటు తెచ్చి, మధ్య జీతంలో మూడింట రెండు వంతులు లక్ష్యంగా పెట్టుకునే దాకా వచ్చింది. పెంచడం, కొలవడం, మళ్లీ పెంచడం అనే ఈ పద్ధతి నినాదాలకు పనికిరాదు గానీ, గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

ఇంత చర్చలోనూ అందరూ దాటేసే విషయం అమలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2020లో విడుదల చేసిన వేతన నివేదిక ప్రకారం ప్రపంచంలో 32.7 కోట్ల మంది కనీస వేతనం గానీ అంతకన్నా తక్కువ గానీ తీసుకుంటున్నారు. వాళ్లలో 26.6 కోట్ల మందికి అందేది చట్టం చెప్పినదానికన్నా తక్కువ. అంటే ఈ జీతాల్లో బతుకుతున్న ప్రతి ఐదుగురిలో నలుగురికి ఇప్పుడున్న చట్టమే అందలేదు, కొందరికి అది వర్తించకపోవడం వల్ల, మరికొందరికి యజమాని ఎగ్గొట్టడం వల్ల. దక్షిణాఫ్రికా 2003లో వ్యవసాయ కూలీలకు మొదటిసారి కనీస వేతనం పెట్టినప్పుడు కూలీ రేట్లు 17 శాతం దాకా పెరిగాయి. ఉపాధి తగ్గింది, అయినా ఎంతోమంది రైతులు కొత్త రేటుకన్నా తక్కువే ఇచ్చారు. బ్రెజిల్‌లో ఇంకో చిత్రం కనిపించింది. చట్టం పరిధిలోకి రాని చిల్లర పనుల్లో కూడా, ప్రకటించిన కనీస వేతనాన్ని న్యాయమైన రేటుగా భావించి చాలామంది అంతే అడగడం, అంతే ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రకటించిన అంకె జనం నోళ్లలో నానితే కొంత పని దానంతటదే జరుగుతుంది. మిగతాది జరగాలంటే తనిఖీ అధికారులు కావాలి, దొరికితే ఎగ్గొట్టినదానికన్నా ఎక్కువ కట్టాల్సిన జరిమానా కావాలి, ఫిర్యాదు చేసిన మనిషిని మర్నాడు పనిలోంచి తీసేయకుండా కాపాడే నిబంధన కావాలి. వీటికి బడ్జెట్ కేటాయించకుండా అంకె మాత్రమే పెంచే ప్రభుత్వం, పెంపు భారాన్ని చట్టం పాటించే యజమాని ఒక్కడి మీదే వేసి, ఎగ్గొట్టేవాడిని పోటీలో ముందుకు పంపుతోంది.